రూపాయలకు చమురు: 1960 వేసవి

(చమురు – దేశ ప్రయోజనం: 6వ భాగం)

1960 మే 4న వాషింగ్టన్‌లో మన ఆహార, వ్యవసాయ శాఖ మంత్రి ఎస్.కె. పాటిల్, అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఒక ఒప్పందం మీద సంతకాలు చేశారు. నాలుగేళ్లలో కోటీ అరవై లక్షల టన్నుల గోధుమలు, పది లక్షల టన్నుల బియ్యం మనకు రావాలి. డాలర్లు అక్కర్లేదు, రూపాయలు కడితే చాలు. పీఎల్ 480 (అమెరికా చట్టం నంబరు) గోధుమలని మన పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకునేవి అవే. రెండు నెలలు దాటాక, జులైలో, ఢిల్లీ మాస్కోతో ఇంకో బేరం కుదుర్చుకుంది. ఈసారి సరుకు చమురు. దానికీ డబ్బు రూపాయల్లోనే.

చరిత్ర పుస్తకాల్లో ఈ రెండూ వేరువేరు అధ్యాయాల్లో ఉంటాయి. ఒకటి ఆహార కొరత కిందికి, ఇంకొకటి రష్యా స్నేహం కిందికి పోతుంది. పక్కపక్కన పెట్టి చదివితే తప్ప ఆ వేసవిలో ఢిల్లీ ఏం ఆలోచించిందో అంతుపట్టదు. తిండిగింజలు ఒక శిబిరం నుంచి, ఇంధనం దానికి బద్ధశత్రువైన శిబిరం నుంచి తెచ్చుకోవడం, రెండుచోట్లా డాలరు ఖర్చు కాకుండా చూసుకోవడం: ఆనాటి ప్రభుత్వం దేశ ప్రయోజనం అనుకున్నది ఇది. అయితే ఆ ఆలోచన ఒక్కరోజులో వచ్చింది కాదు. తొమ్మిదేళ్ల కిందట ఇదే ప్రభుత్వం, ఇదే దేశ ప్రయోజనం పేరుతో, పూర్తిగా వేరే దారి పట్టింది.

కిందటి భాగంలో అబాదాన్ కథ చెప్పుకున్నాం. 1951లో ఇరాన్ తన చమురును జాతీయం చేసింది. అప్పటికి ప్రపంచంలోకెల్లా పెద్దదైన అబాదాన్ శుద్ధి కర్మాగారం ఆగిపోయింది. మనం వాడుకునే కిరసనాయిలు, పెట్రోలులో పెద్ద వాటా అక్కడినుంచే వచ్చేది. మనకంటూ ఉన్నది అస్సాంలోని దిగ్బోయ్ ఒక్కటే. 1901 నుంచీ నడుస్తున్న ఆ చిన్న కర్మాగారం స్వాతంత్ర్యం నాటికి ఏడాదికి ఇచ్చింది సుమారు రెండున్నర లక్షల టన్నులు. అది దేశం అవసరంలో ఏ మూలకూ చాలేది కాదు. అబాదాన్ మూతపడగానే ఢిల్లీకి గుండె జారింది. ఎలాగైనా సరే, మన తీరంలోనే శుద్ధి కర్మాగారాలు ఉండాలని తీర్మానించుకుంది.

ఆ ‘ఎలాగైనా సరే’కి మనం కట్టిన మూల్యం చిన్నది కాదు. 1948 పారిశ్రామిక విధాన తీర్మానం ప్రకారం ఖనిజ నూనెల రంగంలో కొత్త సంస్థలు పెట్టే బాధ్యత ప్రభుత్వానిదే. నాలుగేళ్లు తిరక్కుండానే ఆ తీర్మానాన్ని పక్కన పెట్టి స్టాన్‌వాక్, బర్మా షెల్ కంపెనీలతో 1951లోనూ, కాల్టెక్స్‌తో 1953లోనూ ఒప్పందాలు చేసుకున్నాం. కర్మాగారాలు పూర్తిగా కంపెనీలవే. 25 ఏళ్లపాటు జాతీయం చేయబోమని హామీ ఇచ్చాం. సుంకాల్లో రక్షణ ఇచ్చాం. అన్నిటికంటే ముఖ్యంగా, ముడి చమురు ఎక్కడినుంచి తెచ్చుకోవాలన్నది కంపెనీల ఇష్టానికే వదిలేశాం. స్టాన్‌వాక్ 1954లో, బర్మా షెల్ 1955లో బొంబాయి శివారు ట్రాంబేలో కర్మాగారాలు తెరిచాయి. మూడోది మన విశాఖపట్నం మల్కాపురంలో 1957లో మొదలైన కాల్టెక్స్. ఏడాదికి 6.75 లక్షల టన్నుల సామర్థ్యంతో తూర్పు తీరంలో వెలిసిన తొలి శుద్ధి కర్మాగారం అది.

ఆనాటి భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. చేతిలో చమురూ లేదు, ఓడలూ లేవు, నిపుణులూ లేరు. కానీ ముడి చమురు ఎంపికను వదులుకున్న ఆ ఒక్క షరతు మాత్రం పొరపాటే. దాని బరువు తెలియాలంటే కిరసనాయిలు ధర ఎలా కట్టేవారో కాస్త దగ్గరగా చూడాలి.

ఆ రోజుల్లో పల్లెల్లో కరెంటు లేదు. సాయంత్రమయ్యేసరికి బుడ్డి దీపమో, లాంతరో వెలగాలి. కిరసనాయిలు డబ్బా అంటే ఇంటింటి సరుకు. రెండో ప్రపంచ యుద్ధకాలం దాకా చమురు కంపెనీల లెక్క ఇలా ఉండేది: సరుకు ఎక్కడినుంచి వచ్చినా సరే, అమెరికాలోని మెక్సికో గల్ఫ్ తీరంలో ఆ సరుకు ధర ఎంతో అది మొదటి అంకె. అక్కడినుంచి మన రేవు దాకా ఓడ కిరాయి రెండోది. బీమా, సముద్రంలో తరుగు, రేవు ఖర్చులు, సుంకం ఆ తర్వాత. అసలు సరుకు పక్కనున్న అబాదాన్ నుంచి కొద్ది రోజుల్లో వచ్చినా, కొనేవాడు టెక్సాస్ నుంచి వచ్చినట్టు కిరాయి కట్టాల్సిందే. తిరగని ఓడకు కిరాయి!

యుద్ధం తర్వాత లెక్కకు ఆధారం పర్షియన్ గల్ఫ్‌కు మారింది. లెక్క కట్టే తీరు మాత్రం మారలేదు. ట్రాంబేలో, మల్కాపురంలో, మన కూలీల చేతుల మీదుగా తయారైన నూనెకూ దిగుమతి చేసుకున్న నూనె ధరే వేసేవారు. విశాఖలో తయారై విశాఖ జిల్లాలోనే వెలిగిన కిరసనాయిలు కూడా కాగితం మీద సముద్రం దాటే వచ్చేది.

అసలు కిటుకు దీని వెనకాల ఉంది. ట్రాంబే కర్మాగారం ముడి చమురు కొనేది తన మాతృ కంపెనీ దగ్గరే. అమ్మేదీ వాళ్లే, కొనేదీ వాళ్లే. గల్ఫ్‌లో బావి దగ్గర బ్యారెల్ తీయడానికయ్యే ఖర్చు చాలా తక్కువ. కంపెనీ ‘ప్రకటిత ధర’ దానికి ఎన్నో రెట్లు. లాభమంతా బావి దగ్గరే తేలిపోయేది. 1950ల చివరికల్లా ప్రపంచంలో చమురు ఎక్కువై, స్వతంత్రంగా కొనే కంపెనీలకు రాయితీలు దొరుకుతున్నాయి. మన దేశంలోని కర్మాగారాలు మాత్రం ప్రకటిత ధర పూర్తిగా చెల్లిస్తున్నాయి. చెల్లించేది మన విదేశీ మారకద్రవ్యం. ఇక్కడి శాఖ లాభం తగ్గినా అక్కడి ఇల్లు నిండుతుంది కాబట్టి వాళ్లకు బాధ లేదు.

ఈ లెక్కను పట్టుకున్న మనిషి కేశవదేవ్ మాలవీయ. కాన్పూరులోని హార్‌కోర్ట్ బట్లర్ సాంకేతిక సంస్థలో చదువుకున్న ఈ కాంగ్రెస్ నాయకుడు నెహ్రూకు సన్నిహితుడు. 1960 నాటికి ఆయన గనులు, చమురు శాఖ సహాయ మంత్రి మాత్రమే. ఆ శాఖకు కేబినెట్ మంత్రి స్వరణ్ సింగ్. ఆర్థిక శాఖ మొరార్జీ దేశాయ్ చేతిలో ఉంది. హోదాను బట్టి చూస్తే మాలవీయ మాట చెల్లాల్సిన పని లేదు. కానీ చమురు విషయంలో నెహ్రూ ఆయన్ను నమ్మారు.

మాలవీయ మొదటి పట్టుదల, మన నేలలో మనమే చమురు వెతకాలన్నది. విదేశీ కంపెనీలు అస్సాం బయట పెద్దగా ఆశ చూపలేదు. స్టాన్‌వాక్‌తో కలిసి బెంగాల్లో చేసిన అన్వేషణలో ఏమీ దొరకలేదు. ప్రభుత్వ రంగంలో చమురు అన్వేషణ అంటే అమెరికా, ప్రపంచ బ్యాంకు అప్పివ్వడానికి ఇష్టపడలేదు. ప్రైవేటు కంపెనీలు చేయగల పనికి ప్రభుత్వ డబ్బు ఎందుకన్నది వాళ్ల వాదం. అప్పుడు మాలవీయ సోవియట్ యూనియన్ వైపు తిరిగారు. కలీనిన్ నాయకత్వంలో సోవియట్ భూగర్భ నిపుణుల బృందం 1955–56లో వచ్చి పరిశీలించి, ఇక్కడ చమురు ఉండే అవకాశాలున్నాయని చెప్పింది. 1956 ఆగస్టులో చమురు, సహజవాయు కమిషన్ డెహ్రాడూన్ కేంద్రంగా ఏర్పడింది. మనం ఓఎన్‌జీసీ అంటున్నది దాన్నే. రెండేళ్లకే, 1958 సెప్టెంబరులో, గుజరాత్‌లోని ఖంభాత్ దగ్గర లూనేజ్‌లో చమురు పడింది. 1960 మేలో అంక్లేశ్వర్‌లో ఇంకా పెద్ద నిల్వ తగిలింది. అక్కడి మొదటి బావికి నెహ్రూ వసుధార అని పేరు పెట్టారు.

తేదీలు గమనించండి. మే మొదట్లో అమెరికా గోధుమల ఒప్పందం, మే నడుమ అంక్లేశ్వర్‌లో చమురు, జులైలో సోవియట్ బేరం. అంతకు మూడేళ్ల ముందే, 1957–58లో, మన విదేశీ మారక నిల్వలు అడుగంటాయి. యుద్ధకాలంలో బ్రిటన్ దగ్గర పోగుపడ్డ స్టెర్లింగ్ నిల్వలు రెండో పంచవర్ష ప్రణాళిక యంత్రాల కొనుగోళ్లకే కరిగిపోయాయి. ప్రపంచ బ్యాంకు ఆధ్వర్యంలో దాతల కూటమి 1958 ఆగస్టులో సమావేశమై మనకు అప్పు సర్దింది. అలాంటి స్థితిలో దేశ ప్రయోజనం ఏమిటన్న ప్రశ్నకు ఢిల్లీలో ఒకే జవాబు లేదు. అప్పిచ్చే పశ్చిమ దేశాలకు కోపం తెప్పించకూడదు, విదేశీ పెట్టుబడి బెదరకూడదు అనేవాళ్ల దగ్గర గట్టి లెక్కలే ఉన్నాయి. చమురు మీద పోయే మారకం ఆదా చేస్తే ఆ అప్పే తగ్గుతుంది కదా అన్నది మాలవీయ లెక్క. రెండు పక్షాలూ దేశం కోసమే మాట్లాడాయి. అందుకే ఆ వాదన అంత తీవ్రంగా నడిచింది.

జులైలో సోవియట్ యూనియన్ ముందుకొచ్చింది. గల్ఫ్ ప్రకటిత ధరకంటే బాగా తక్కువకు ముడి చమురు ఇస్తాం, రూపాయలు తీసుకుంటాం అంది. 1958 నాటి వాణిజ్య ఒప్పందం వల్ల ఆ రూపాయలతో వాళ్లు మన దగ్గరే సరుకు కొనుక్కోవాలి: తేయాకు, జనపనార సరుకు, తోళ్లు, మిరియాలు, పొగాకు. గుంటూరు వర్జీనియా పొగాకుకు తర్వాతి దశాబ్దాల్లో సోవియట్ యూనియన్ పెద్ద కొనుగోలుదారు కావడానికి దారి వేసింది ఈ రూపాయి వ్యాపారమే. కోస్తా రైతు బ్యారన్‌లో కాల్చిన ఆకుకూ మాస్కో చమురుకూ ఉన్న చుట్టరికం అది.

మరి ఆ ముడి చమురును శుద్ధి చేసేదెవరు? ప్రభుత్వ కర్మాగారం ఒక్కటీ ఇంకా సిద్ధం కాలేదు. రుమేనియా సాయంతో గౌహతి దగ్గర నూన్‌మతిలో కడుతున్నది 1962 జనవరిలో గానీ మొదలు కాలేదు. మాలవీయ మూడు కంపెనీలనూ అడిగారు: ఈ చమురు మీ కర్మాగారాల్లో శుద్ధి చేయండి. మూడూ కాదన్నాయి. ఒప్పందంలోని షరతు చూపించాయి. ఏ చమురు వాడాలన్నది మా ఇష్టమని మీరే రాసిచ్చారు కదా అన్నాయి. చట్టం వాళ్లవైపే ఉంది. వాళ్ల భయం కూడా అర్థం చేసుకోదగ్గదే. శుద్ధి చేస్తే మిగిలేది కొద్దిపాటి కూలి. అసలు ఆదాయం సొంత బావుల చమురు అమ్ముకోవడంలో ఉంది. ట్రాంబేలో సోవియట్ చమురు ఒకసారి గొట్టంలోకి ఎక్కితే, రేపు ప్రపంచంలో ప్రతి కర్మాగారం దగ్గరా ఇదే కోరిక వస్తుంది.

సరిగ్గా అదే రోజుల్లో క్యూబాలో ఇదే నాటకం వేరే ముగింపుకు వచ్చింది. సోవియట్ చమురు శుద్ధి చేయబోమన్న టెక్సాకో కర్మాగారాన్ని ఫిడెల్ కాస్ట్రో ప్రభుత్వం జూన్ చివర్లో స్వాధీనం చేసుకుంది. జులై 1న ఎస్సో, షెల్ కర్మాగారాల వంతు. వారం తిరక్కుండా ఐసెన్‌హోవర్ క్యూబా చక్కెర కోటాను కోసేశారు. మన పొరుగున సిలోను ఇంకో రెండేళ్లకు అదే దారిలో కొంత దూరం నడిచింది. సిరిమావో బండారనాయకే ప్రభుత్వం పెట్రోలియం కార్పొరేషన్ పెట్టి, విదేశీ కంపెనీల పంపిణీ ఆస్తులు కొన్ని తీసుకుని, సోవియట్ నూనె అమ్మింది. పరిహారం విషయంలో తగవు తెగక, 1963 ఫిబ్రవరిలో అమెరికా తన సాయాన్ని ఆపేసింది.

చమురు ఒకటే, నిరాకరణ ఒకటే, మూడు దేశాల నడక మూడు రకాలు. మాలవీయకు కంపెనీల మీద కోపం తక్కువేమీ కాదు. కానీ అమెరికా గోధుమలు మన రేవుల్లో దిగుతున్న ఏడాది అది. ఇచ్చిన మాట తప్పి కర్మాగారాలు లాక్కుంటే ఆ గోధుమలు, ఆ దాతల కూటమి ఏమవుతాయో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. ఢిల్లీ ఒప్పందాన్ని చించలేదు. చుట్టుతిరిగి వెళ్లింది.

ముడి చమురు శుద్ధి చేయనంటే, శుద్ధి అయిన సరుకే తెచ్చుకుంటాం. 1959 జూన్ 30న ఏర్పడిన ఇండియన్ ఆయిల్ కంపెనీ అప్పటికి పేరుకే కంపెనీ. మైసూరు నాయకుడు ఎస్. నిజలింగప్ప దానికి మొదటి ఛైర్మన్. అమ్మడానికి సరుకు లేదు. పెట్రోలు బంకులు, డిపోలు, ఏజెంట్లు అన్నీ విదేశీ కంపెనీలవే. జులై ఒప్పందంతో దానికి సరుకు దొరికింది. 1960 ఆగస్టు 17న ఉజ్గొరొద్ అనే ట్యాంకర్ ఓడ బొంబాయి పీర్‌పావ్ జెట్టీకి చేరింది. తెచ్చింది 11,390 టన్నుల డీజిలు. దేశం మొత్తం వాడకంలో అది లెక్కలోకి రాదు. అయినా బర్మా షెల్ రాజ్యమేలిన రేవులో ప్రభుత్వ కంపెనీ పేరు మీద దిగిన తొలి సరుకు అది. ఓడ కిరాయి నిజంగా తిరిగిన దూరానికే.

పక్కన ఇంకో అమ్మకందారు నిలబడగానే బేరం మారిపోయింది. తగ్గించడం కుదరదన్న కంపెనీలే ముడి చమురు మీద రాయితీ ఇవ్వడం మొదలుపెట్టాయి. కె.ఆర్. దామ్లే అధ్యక్షతన ప్రభుత్వం వేసిన ధరల విచారణ సంఘం 1961లో నివేదిక ఇచ్చింది. కంపెనీల లెక్కల్లోకి ప్రభుత్వం అధికారికంగా తొంగి చూడటానికి అది పునాది వేసింది. తర్వాత తాలూక్‌దార్ సంఘం, శాంతిలాల్ షా సంఘం అదే దారిలో నడిచాయి. కర్మాగారం విస్తరించుకుంటామని కంపెనీ అడిగిన ప్రతిసారీ ఢిల్లీ ధరల ప్రస్తావన తెచ్చేది.

సోవియట్ చమురు మనల్ని కాపాడిందని ఆనాటి వామపక్ష పత్రికలు రాశాయి. మనం కమ్యూనిస్టు వలలో పడ్డామని ఎదుటి పక్షం అంది. రెండూ అతిశయోక్తులే. మనం కొన్న సోవియట్ సరుకు వాటా ఎప్పుడూ పరిమితమే. మాలవీయ ఒక్క మాస్కోనే నమ్ముకుని కూర్చోలేదు కూడా. గౌహతి రుమేనియాతో, బరౌనీ, కోయలీ సోవియట్ యూనియన్‌తో, కొచ్చి అమెరికా ఫిలిప్స్ కంపెనీతో, మద్రాసు అమెరికా అమోకో, ఇరాన్ జాతీయ చమురు కంపెనీలతో: 1960లలో మన కర్మాగారాల జాబితా చదివితే ఎవరి శిబిరమో చెప్పడం కష్టం. కొన్న చమురుకంటే, ఇంకొకరి దగ్గర కొనగలమన్న సంగతే మనకు ఎక్కువ డబ్బు మిగిల్చింది.

దీనికి రెండో ముఖం ఉంది. దాన్ని మనవాళ్లు అంతగా రాయరు. సోవియట్ పోటీ, చమురు మిగులు కలిసి ధరలను కిందికి లాగుతుంటే, 1960 ఆగస్టులో న్యూజెర్సీ స్టాండర్డ్ కంపెనీ పశ్చిమాసియా చమురు ప్రకటిత ధరను తనంతట తానే తగ్గించింది. మిగతా కంపెనీలు వెనకే నడిచాయి. కొనేవాళ్లం కనుక మనకు సంతోషం. కానీ ఇరాక్, ఇరాన్, సౌదీ అరేబియా, కువైట్, వెనిజులా ఖజానాలకు వచ్చే డబ్బు ఆ ధర మీదే లెక్క కట్టేవారు. తమను అడగకుండా తమ ఆదాయం కోశారని ఆ ఐదు దేశాలూ సెప్టెంబరులో బాగ్దాద్‌లో కూడి ఒపెక్‌ను స్థాపించాయి. ఉజ్గొరొద్ బొంబాయికి వచ్చిన నెలలోపే అది జరిగింది. పేద దేశాలన్నిటి ప్రయోజనం ఒక్కటేనని ఆసియా, ఆఫ్రికా దేశాల బాండుంగ్ సభల్లో మాట్లాడుకున్న మాటకు ఇక్కడ పెద్ద చిల్లు పడింది. మనకు చవక కావాలి, వాళ్లకు ధర కావాలి. 1974 జనవరి 1 నాటికి గల్ఫ్ ప్రకటిత ధర బ్యారెల్ 11.65 డాలర్లకు చేరినప్పుడు ఆ చిల్లు ఎంత వెడల్పో మన ఖజానాకు తెలిసొచ్చింది.

మాలవీయ అప్పటిదాకా పదవిలో ఉండలేదు. ఒరిస్సా గనుల వ్యాపార సంస్థ సిరాజుద్దీన్ అండ్ కంపెనీ నుంచి ఎన్నికల విరాళం తీసుకున్న వ్యవహారంలో, జస్టిస్ ఎస్.కె. దాస్ విచారణ తర్వాత, 1963 జూన్‌లో రాజీనామా చేశారు. ఆయన మీద అభిమానంతో దీన్ని దాచడం చరిత్రకు ద్రోహం. ఆయన పెట్టిన సంస్థలు మాత్రం ఆయన పతనంతో పడిపోలేదు. ఇండియన్ ఆయిల్ 1970ల నాటికి దేశ మార్కెట్టులో అందరికంటే పెద్దదైంది. 1974లో ఇందిరా గాంధీ ఆయన్ను మళ్లీ పెట్రోలియం మంత్రిని చేశారు. ఎస్సో (పాత స్టాన్‌వాక్), బర్మా షెల్, కాల్టెక్స్ ఒకదాని తర్వాత ఒకటి ప్రభుత్వపరమయ్యాయి. విశాఖ కర్మాగారం 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసింది. బేరంతోనే, పరిహారంతోనే. 1960లో ససేమిరా అన్న కంపెనీలు అప్పుడెందుకు ఒప్పుకున్నాయన్నది వచ్చే భాగంలో చూద్దాం. గల్ఫ్ బావులు వాళ్ల చేతుల్లోంచి జారిపోవడానికీ దీనికీ సంబంధం ఉంది.

2022 తర్వాత రష్యా చమురు మన దిగుమతుల్లో రెండు శాతం లోపు నుంచి మూడో వంతు పైకి ఎగబాకినప్పుడు, వాషింగ్టన్ కోపాన్నీ మాస్కో రాయితీనీ ఢిల్లీ మళ్లీ ఒకే తక్కెడలో తూచింది. దీన్ని కొత్త విదేశాంగ నీతిగా వర్ణించేవాళ్లు 1960 ఫైళ్లు ఒకసారి తిరగేయడం మంచిది. ఒక తేడా మాత్రం ఉంది. ఇప్పుడు ఏ చమురు శుద్ధి చేయాలో చెప్పే షరతు కాగితం మన కర్మాగారాల మీద ఎవరి చేతిలోనూ లేదు.

పాఠకులకు ఒక మనవి. విశాఖ కాల్టెక్స్‌లో పనిచేసినవాళ్లు, బర్మా షెల్, ఎస్సో ఏజెన్సీలు నడిపిన కుటుంబాలవాళ్లు కోస్తాలోనూ తెలంగాణలోనూ ఇప్పటికీ ఎందరో ఉన్నారు. ఆనాటి ధరల పట్టికలు, కిరసనాయిలు బిల్లులు, కంపెనీ ఉత్తరాలు మీ ఇళ్ల అటకల మీద ఉంటే పాత కాగితాల వాడికి వేయకండి. కంపెనీల పెద్ద లెక్కలు లండన్, న్యూయార్క్ దస్తావేజుల గదుల్లో భద్రంగానే ఉన్నాయి. మన ఊళ్లో ఆ నూనెకు ఎంత కట్టామన్న లెక్క మీ దగ్గరే ఉంది. అది మాకు రాసి పంపండి.

(సశేషం)